రెండు రెక్కలకీ పదేసి

వాల్దివియాలో వాన ఎన్నాళ్లని ఎవరూ అడగరు.
రేకుల షెడ్డు కింద ఒతీలియా నవెల్పాన్
పొగాకు డబ్బా తెరిచి, బోర్లించకుండా
ఒక్కో బిట్టునీ వేళ్లతో ఏరి గుడ్డ మీద పెడుతుంది.
ఒకదానికొకటి తగిలితే
కార్బైడ్ అంచు రాలుతుందట,
పాలపన్నంత చప్పుడు కూడా లేకుండా.

బడి తలుపు చట్రం చెమ్మకి చివికింది.
దాని అంచున ఒక వంపు,
పడుకున్న మేక నడుములా.
కొట్లో అలాంటిది లేదు.
"మా మేనమామది ఉంది" అంది. అరంగుళం కాడ.
సన్న కాడకి వణుకెక్కువ,
వణికిందంతా చెక్క మీద రాసి పెడుతుంది.

నిన్న రౌలీ చెక్క మధ్యలో నేను ఆగాను.
ఎవరో పిలిచారు, అంతే.
నల్ల మచ్చ, మాడిన అట్టు వాసన.
తప్పు నాదే అన్నాను.
సగం నీది, సగం బంకది, అంది.

ముందు బేరింగ్ ఊడదీసింది, దానికి స్నానం పడదు.
వేడినీళ్లు, వంటసోడా, అరిగిన పళ్ల బ్రష్షు.
నీళ్లు టీ రంగుకి తిరిగాయి.
ఎన్నేళ్ల కిందటి మాన్యీయో చెట్టో అందులో.

తర్వాత వజ్రపు పూత రాయి.
"వాలు వైపు ముట్టుకోకు, కొలతంతా అక్కడుంది.
చదును ముఖమే రాయికి.
రెండు రెక్కలకీ పదేసి."
ఏడు దగ్గర లెక్క తప్పాను.
మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టబోతే చెయ్యి పట్టుకుంది:
"అయితే ఆ ఏడూ రెండోదానికీ బాకీ.
ఎక్కువ అరిగింది పొట్టిదైపోతే
పనంతా ఒకటే చేస్తుంది,
రెండోది ఊరికే వెంట తిరుగుతుంది,
మా తమ్ముడిలా."

కొలెట్‌లో అడుగంటా దింపి
రెండు గోధుమ గింజల మందం పైకి లాగి బిగించింది.
తిరిగే దిక్కుకి ఎదురు నడవమంది.
ఒక్కసారే కాదు, మూడు విడతల్లో.
నిన్న నా చొక్కా నిండా పొడి.
ఇవాళ కాళ్ల దగ్గర పొట్టు,
ఎర్రగా, చుట్టలు చుట్టుకుని.

కొత్త ముక్కని పాతదానికి ఆనించి
బొటనవేలు నడిపింది.
అతుకు దగ్గర వేలు కొంచెం ఆగింది.
ఏమీ అనలేదు.

డబ్బా మూత లోపల మేకుతో గీసిన గీతలు,
పదును పెట్టినప్పుడల్లా ఒకటి.
పైవి లోతుగా, ఆయనవి.
కిందవి ఆమెవి.
మేకు నాకిచ్చింది.
"ఇన్ని గీతలయ్యాక ఆ వంపు మామది కాదు,
వెంట్రుకవాసి తగ్గింది.
నాదీ కాదులే.
మూత గట్టిగా నొక్కు, చెమ్మ దూరుతుంది."