యాభై ఎనిమిది

కోసాద్‌లో మా వీధి చివర
మూడో టోపీల కార్ఖానా కూడా మూతబడ్డ ఏడాది
నేను లియోంటీన్ దగ్గర పనికి కుదిరాను.

మొదటి ఆర్నెల్లూ సూది ఇవ్వలేదు.
కెటిల్‌లో నీళ్ళు మరిగించడం,
చెక్క దిమ్మల మీద దుమ్ము తుడవడం, అంతే.
అటక నిండా దిమ్మలు,
కళ్ళూ ముక్కూ లేని తలలు.
అడుగున పెన్సిల్‌తో పేర్లు,
సగానికి సగం ఊరి శ్మశానంలోనూ చెక్కి ఉన్నవే.
"మనుషులు పోతారు, కొలతలు ఉంటాయి"
అనేది ఆమె, నోట్లో గుండుసూదులు పెట్టుకుని.
ఆ మాటలో సగం సూదులకే వినిపించేది.

గడ్డి జడని నడినెత్తి దగ్గర మొదలెట్టాలి,
చుట్టు మీద చుట్టు, నత్త తన గుల్ల కట్టుకున్నట్టు.
లాగితే ముడుచుకుంటుంది, వదిలితే అలలు పోతుంది.
ఎంత లాగాలో వేళ్ళకి తెలియాలి గానీ
నోటితో చెప్పేది కాదు.
చెప్పలేదు కూడా.

నవంబరు వానలో మదాం గార్రిగ్ వచ్చింది.
కాగితం సంచిలో మగవాళ్ళ ఫెల్టు టోపీ.
బూడిద రంగు. ముందు రెండు వేళ్ళ నొక్కు,
ముప్ఫై ఏళ్ళు ఒకే చెయ్యి తీసి పెట్టిన నొక్కు.
"ఆయనది యాభై ఎనిమిది. నాది యాభై అయిదు.
నాకు సరిపోయేలా చెయ్యి."

లియోంటీన్ ఏమీ అడగలేదు.
రిబ్బను విప్పింది. దాని కింద
ఎండ ఎరగని అసలు రంగు,
పరాయివాళ్ళ ముందు సిగ్గుపడుతున్నట్టు.
చెమట పట్టీ కుట్లు తెంపింది.
యాభై అయిదు దిమ్మ దింపమంది.
నేను టోపీని కెటిల్ మూతి దగ్గర పట్టుకున్నాను.

ఆవిరి తగిలి ఫెల్టు మెత్తబడింది,
మెత్తబడి ఊపిరి వదిలింది:
పొగాకు, తలనూనె, తడిసిన కుక్క,
ద్రాక్ష తొక్కిన గది,
ఇంకా ఏదో, పేరు లేనిది,
దిండు గలీబుకి మాత్రమే తెలిసేది.

మదాం గార్రిగ్ కుర్చీలోంచి లేచింది.
"ఆపు" అంది. "అయిపోతాడు."
కాసేపాగి, ఇంకా చిన్నగా,
"ఆ కిటికీ ముయ్యి."

వాసన పోయేదాకా ముగ్గురం కదల్లేదు.
కెటిల్ కింద మంట నేనే ఆర్పాను,
ఎవరూ చెప్పకుండా చేసిన మొదటి పని.

పట్టీ మళ్ళీ కుట్టింది లియోంటీన్
పాత రంధ్రాల్లోంచే, ఒక్కటైనా కొత్తది పొడవకుండా.
నిన్నటి పేపరు నిలువుగా మడిచి లోపల దోపింది:
పందుల ధరలు, వాతావరణం, ఎవరిదో పెళ్ళి.
ఆమె అద్దం చూడలేదు. పెట్టుకుంది.
కనుబొమల దాకా దిగి ఆగింది టోపీ.
"ఎంత?"
"నీళ్ళు కాచినందుకేం తీసుకోను."

తలుపు గంట ఊగి ఊగి ఊరుకున్నాక
లియోంటీన్ నా వైపు సూది చాచింది.
దారం ఎక్కించే ఉంది.