ముప్పై తొమ్మిదిన్నర

లాలాపేటలో మా కొట్టుకి బోర్డు లేదు,
ఖాకీ కుట్టే మస్తానంటే ఎవరైనా చూపిస్తారు.
హెడ్డు కానిస్టేబులు ఏసోబు గారు
పదకొండేళ్లుగా నా టేపు ముందు ఊపిరి బిగబట్టేవాడు.
నేను లోపల ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టి
ఆయన వదిలాక అంకె రాసుకునేవాణ్ణి.
మా ఇద్దరి మధ్యా అదో మర్యాద.

మార్చిలో పైనుంచి ఆర్డరొచ్చింది:
ఆగస్టు పరేడుకి పొట్టలు కనిపించకూడదని.
మిగతా ఒంటి గురించి ఆర్డర్లో లేదు.
అందుకని ఆయన పొట్టనొక్కదాన్నే పట్టుకున్నాడు,
సందులో దొంగని మూలకి తరిమినట్టు.

తెల్లారకముందే గ్రౌండులో వెల్లకిలా పడుకుని
లేవడం, వాలడం, లేవడం, మూడొందలు.
ఆపైన నడుముకి ప్లాస్టిక్ కాగితం,
కాగితం మీద ఖాకీ,
ఖాకీ మీద మే నెల గుంటూరు ఎండ.
సాయంత్రం విప్పితే గ్లాసెడు చెమట.
"కరిగింది చూడు మస్తాన్!" అనేవాడు.
ఎదురు కొట్లో రెండు గ్లాసుల మజ్జిగ తాగేసరికి
కరిగింది కాస్తా ఇంటికొచ్చేది.

నా కొలతల పుస్తకానికి మొహమాటం లేదు.
ఏప్రిల్: మెడ అరంగుళం తగ్గింది.
మే: వాచీ మణికట్టు దాటి మోచేతికి పాకుతోంది.
జూన్: బుగ్గలు లోపలికి. స్టేషన్లో అందరూ
షుగరా సార్ అని అడుగుతున్నారట.
కంకరగుంట గేటు దగ్గర చెయ్యెత్తి లారీ ఆపబోతే
పెళ్లినాటి ఉంగరం ఎగిరి కాలవలో పడింది.
నడుము: ముప్పై తొమ్మిదిన్నర.
నడుము: ముప్పై తొమ్మిదిన్నర.
నడుము: ముప్పై తొమ్మిదింబావు,
ఆ పావూ నా కళ్లజోడు తప్పేమో.

"అడగని చోటల్లా ఇచ్చేస్తోందయ్యా,
అడిగిన చోట నోరే విప్పట్లేదు" అన్నాడు
పాతికేళ్లు ముద్దాయిల్ని అడిగిన మనిషి.

గుండీలు కుడుతున్న మా సైదా తలెత్తాడు.
పగలు వాడు మిర్చి కోల్డ్ స్టోరేజీలో హమాలీ.
"మా గోడౌనూ అంతే సార్.
ముందెప్పుడో ఎక్కిన బస్తా గోడవారకి పోద్ది,
నిన్నెక్కింది ఇవాళ దిగుద్ది.
గోడకి అవతల నుంచుని ఎంత గుద్దినా
మీరు కోరిన బస్తా బయటికి రాదు.
సరుకంతా కదలాల. దానొంతు రావాల."

ఆయన మాట్లాడలేదు. పొట్ట మీద వేళ్లు ఆనించి నొక్కాడు.
"లోపల రాయిలా అయింది రా,
పైన దూది మాత్రం దూదే."
కాసేపాగి, నడుం నొప్పి పోయిందని ఒప్పుకున్నాడు,
ఎవరో బలవంతాన సాక్ష్యం చెప్పించినట్టు.

ఆ రాత్రి మిషను దగ్గర నేనూ ఆలోచించాను.
గుడ్డని నేను కోరిన చోట తగ్గిస్తాను.
నడుం దగ్గర డాటు వేస్తే మెడకి కబురందదు,
చంకలో అంగుళం పీకితే అంచుకి తెలీదు.
ఇన్నేళ్లూ ఒళ్లు కూడా గుడ్డే అనుకున్నాను.
ఒంటికి కుట్లేవీ? ఎక్కడని విప్పుతాం?

ప్లాస్టిక్ కాగితం మా కొట్లోనే వదిలేశాడు,
ఇప్పుడు దాంతో దారపుండలు మూట కట్టుకుంటున్నా.
పొద్దున పట్టాభిపురం దాకా నడక,
రాత్రి అన్నం గుట్ట కాస్త కొండ దిగింది.
మూడొందలు మానలేదు గానీ
వాటిని ఇప్పుడు పొట్ట మీద కేసులా నడపట్లేదు.

పరేడుకి నాలుగు రోజుల ముందు వచ్చాడు.
చేతులు పక్కకి జాపి నుంచున్నాడు.
టేపు వెనక నుంచి తిప్పి ముందుకి తెచ్చి
అలవాటుగా ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాను.
అప్పటికే ఊపిరి వదిలేసి ఉన్నాడు.