నీళ్ళు నమిలే చోటు

వాన వెలిసిన పావుగంటకి
ట్రామ్ డిపో వెనక గొట్టం నోట్లోంచి
ఊరు బయటికొస్తుంది:
టైర్ల అరుగుదల, బ్రేకుల పొడి,
పావురాల రెట్ట, సిగరెట్ పీకలు,
ఒకసారి ఎవరిదో పెళ్ళి ఫొటో, సగం.

మా ఊరు వూచ్.
మా భాషలో పడవ అని అర్థం.
పడవ తేలేంత నీళ్ళు ఎక్కడా కనపడవు.
ఉన్న వాగుల్ని మిల్లుల కాలంలోనే
గొట్టాల్లోకి తోసి, పైన వీధులు వేసుకున్నారు.

గెనోవెఫా అద్దకం మిల్లులో
ముప్ఫై ఒక్కేళ్ళు చేసింది.
ఊతకర్రతో గట్టు మీదికొచ్చి చెబుతుంది:
"సోమవారం ఎరుపు, గురువారం నీలం.
లోపల ఏ గుడ్డ ఉడుకుతోందో
వాగుని చూసి చెప్పేసేవాళ్ళం."
గొప్పగానే చెబుతుంది.
ఆ తర్వాత కాసేపు మాట్లాడదు.

ఇప్పటి మురికికి రంగు లేదు. అదే చిక్కు.
సీసాలో పట్టి వెలుగుకి ఎత్తితే
తాగబుద్ధేస్తుంది.

అందుకే ఈ మడుగులు.
మొదటిదాంట్లో ఇసుక కూర్చుంటుంది.
సున్నపురాళ్ళ కట్ట దగ్గర నీటికి పరుగు తగ్గుతుంది.
అవతల నా జమ్ము, నా కిక్కిస, నా తుంగ,
నడుంలోతు బురదలో దిగి నేను నాటినవి.

ఈ ఏడు డబ్బెందుకు ఆగిందని అడిగితే
కౌన్సిల్‌లో పెద్దసారు నీళ్ళు నమిలాడు.
జమ్ము కూడా నీళ్ళే నములుతుంది,
కాకపోతే నిజంగా, తొందర లేకుండా,
వేళ్ళ జిగురులో కాపురముండే
కంటికానని నోళ్ళతో.

మొదటేడు నాకు తెలీదు.
తలెత్తు పెరిగిందని మురిసిపోయి
కోయకుండా వదిలేశాను.
చలికి వంగింది, కుళ్ళింది,
తిన్నదంతా తిరిగి నీళ్ళలోకే కక్కింది.
వసంతానికి మడుగు నిండా నాచు.

మురికి ఎక్కడికీ పోదు.
ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారుతుంది, అంతే.

కాబట్టి సెప్టెంబర్‌లో కొడవళ్ళు తీస్తాం.
నేనూ, బోగుమిలూ,
ఖార్కివ్ నుంచి వచ్చి మాతో చేరిన సొలోమియా.
కిక్కిస ఆకు అంచు బ్లేడే, చేతులు గీసుకుపోతాయి.
మోపులు కట్టి లారీకెత్తుతాం.
తోడిన ఇసుకకి వేరే లారీ, వేరే గొయ్యి, వేరే రసీదు.
అందులో సీసం ఉందట, జింకు ఉందట.
ఆ గొయ్యి ఎక్కడో నాకు తెలుసు.
దాని పక్కనా ఎవరో కాపురముంటారు.
సొలోమియా అడిగింది. నేనూ నీళ్ళు నమిలాను.

మొన్న పెద్ద వాన తర్వాత
చివరి మడుగు తూము దగ్గర సీసా నింపుతున్నాను.
"ఇవాళేం రంగు?" అంది గెనోవెఫా వెనకనుంచి.
"ఏ రంగూ లేదండీ."
నమ్మలేదు.
నా భుజం పట్టుకుని మెల్లగా వంగి
వేలు ముంచింది,
కోటు జేబులోంచి తెల్ల రుమాలు తీసి
దాని మీద అద్ది,
ఎండకేసి పట్టుకుని
అంచులు, మడతలు, తడి ఆగిన చోటు,
చాలాసేపు
మరక కోసం వెతికింది.