జర్కు

బల్లార్షాలో మే నెల.
ఇనుప గేటును గుడ్డతో పట్టుకుని తీయాలి.
లోపల ఓదెలు మామ గదిలో
కూలరు ముఖం మనిషి వైపు లేదు,
కంప్యూటర్ వైపు తిప్పి ఉంది.

డంపరు నడిపి రిటైరైన మనిషి.
పీఎఫ్ డబ్బుల్లోంచి
కూతురికి చెప్పకుండా కొన్న గ్రాఫిక్స్ కార్డు
నీలం లైటు వేసుకుని
బారాత్ బండిలా మెరుస్తోంది.
"గింత పెద్ద కార్డు పెడితిని బిడ్డా,
వార్ధా మీద మలుపు తిప్పంగనే
ఇమానం అడుగడుక్కు ఆగుతది.
గాలిల ఆగే బండి ఏడన్న ఉంటదా?"
పక్కింటి తుషార్ గోడ మీంచి
"కాకా, కొత్త ర్యామ్ టాకా" అని
రోజుకోసారి చెప్పి పోతాడట.
వాడికి తెలిసిన మందు అదొక్కటే.

డబ్బా మూత విప్పాను.
ఫ్యాను రెక్కల మీద బొగ్గు.
కాటుక కన్నా మెత్తన,
వేలికి అంటితే సబ్బుకు లొంగని రకం.
నేను పెయింటు బ్రష్షుతో దులుపుతుంటే
మామ కింద పాత మరాఠీ పేపరు పరిచి
రాలినదాన్ని చిటికెడు తీసి నలిపాడు.
"మా సాస్తిదే," అన్నాడు,
బస్సు దిగిన చుట్టాన్ని గుర్తుపట్టినట్టు.

ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు గీకి
బియ్యపు గింజంత కొత్తది పెట్టాను.
వేడి తొంభై ఎనిమిది నుంచి
డెబ్భై ఆరుకు దిగింది.
బయట నలభై ఏడు. అది నా చేతిలో లేదు.
కరెంటూ లేదు నా చేతిలో,
మూల స్టెబిలైజరు
నిద్రలో పళ్లు కొరికే పిల్లాడిలా
టక్ టక్ మంటూనే ఉంది.

ఇక తగ్గించడం మొదలుపెట్టాను.
నా పనిలో సగం తగ్గించడమే.
మబ్బులు పలచన చేశాను. నీడలు తీసేశాను.
నీళ్లలో ఆకాశం కనబడటం మాన్పించాను.
రోడ్ల మీద బండ్లు, రన్‌వే పక్క మనుషులు,
అడవిలో మూడొంతుల చెట్లు.
ఒక్కో గీతను ఎడమకు జరుపుతుంటే
లోకం బరువు దిగుతోంది.
ఆఖరున ఫ్రేముల్ని ముప్పై దగ్గర కట్టేశాను.
"అరవై వస్తదన్నడు గదా దుకాణపోడు?"
"వస్తుంది మామా, మళ్లీ పద్దెనిమిదికి పడుతుంది.
ఆ పడటమే జర్కు."
ఆయన కాసేపు ఆలోచించాడు.
"లోడు బండి గడ్డ ఎక్కేటప్పుడు
గేరు మార్వద్దు. తెల్సు."

ఎగిరింది.
కడిగిన పళ్లెం మీద నీటిబొట్టులా
నది దాటింది, రాజురా రోడ్డు దాటింది.
నేను స్క్రూడ్రైవర్లు సర్దుకుంటున్నాను.

"ఆగు," అన్నాడు. "గని ఏది?"

గని ఉండాల్సిన చోట
బూడిదరంగు చాప పరిచినట్టు నేల.
సాపుగా, గుండుసూది పడితే దొరికేట్టు.
నేల ఎత్తుపల్లాల గీతను కూడా
ఎడమ చివరికి లాగేశానని
అప్పుడు గుర్తొచ్చింది.
ముప్పై ఒక్క ఏళ్లు,
రోజుకు పద్నాలుగు ట్రిప్పులు,
ఆయన దిగి ఎక్కిన లోతు
నా చూపుడు వేలి కింద పూడిపోయింది.

"మబ్బులు నాకొద్దు," అన్నాడు.
"ఉన్న చెట్లు గూడ తియ్యి.
ఊళ్లె ఇండ్లు తియ్యి, మా ఇల్లు గూడ తియ్యి.
నాకు గా బొంద గావాలె."

తీశాను.
ముప్పైని ఇరవై నాలుగు చేశాను.
ఒక్క గీతను మాత్రం
కుడి చివరికి, ఇక జరగనంటే జరగనన్నంత వరకూ.

నేల మెట్లు మెట్లుగా దిగబడింది,
ఎవరో కింది నుంచి కొంగు పట్టి లాగినట్టు.

మామ ఇంజన్ తగ్గించి
విమానాన్ని హాల్ రోడ్డు వెంట లోపలికి దించాడు.
రెక్క అంచుకు తగులుతుందని నేను కూర్చోలేకపోయాను.
ఆయన కుడి కాలు
బల్ల కింద లేని బ్రేకును తొక్కుతోంది.

రెండో మలుపులో తెర ఒక్కసారి అదిరింది.
మౌస్ అందుకోబోయాను.
"ఉండనియ్," అన్నాడు తల తిప్పకుండా.
"గాడ గుంత ఉంటుండె."