ఏటవాలు కోత

పాత న్యూస్‌పేపర్లో చుట్టి ఇచ్చింది
మిసెస్ హాఫెండెన్
ఐదు వేరుముక్కలు.
చిటికెనవేలంత లావు, జానెడు పొడుగు,
ఏ పక్క చూసినా ఒకేలా ఉన్నాయి.

"పైకొస అడ్డంగా కోశాను, కిందికొస ఏటవాలుగా.
అది గుర్తుంచుకుంటే చాలు.
తలకిందులుగా పాతావో,
ఏది ఆకాశమో తేల్చుకోవడానికే దానికి ఏడాది పడుతుంది."

సీఫర్డ్‌లో మా అద్దె ఇంటి వెనక
మూడు మంచాలు పట్టేంత జాగా.
గాలి సముద్రం మీంచి సరాసరి వచ్చి
కిటికీ అద్దాలకి ఉప్పు పూసి పోతుంది.
గులాబీ పెట్టాను, మాడింది.
కొత్తిమీర వారం బతికింది.
పుదీనా సంగతి అడక్కండి.

"నీ దొడ్డికి పనికొచ్చేది ఇదొక్కటే, సీ కేల్" అందావిడ.
"బీచ్‌లో ఉన్నవాటి జోలికి మాత్రం వెళ్ళకు,
అవి ఆ గులకరాళ్ళవి."

చినగంజాం ఉప్పు కొఠార్ల గట్ల మీద
మా పిన్ని నాంచారమ్మ ఇలకూర గిల్లేది.
రెండుసార్లు ఉడకబెట్టి నీళ్ళు వంచేసి
పచ్చిరొయ్యలతో వండేది.
"ఉప్పెయ్యకే, అది తెచ్చుకునే వచ్చింది" అనేది.
ఆ మాట ఇక్కడ ఎవరితో అనను?
పలుగు పట్టుకుని మట్టితోనే అన్నాను.

మట్టిలో సగానికి సగం ఇసుక కలిపాను.
తుఫాను ఒడ్డుకి తోసిన నాచు
రెండు బకెట్లు మోసుకొచ్చి పరిచాను.
బస్సులో పక్కన ఎవరూ కూచోలేదు.

మొదటి వేసవి
నీలం బూడిద కలిసిన రంగులో
అంచులు ముడతలు పడ్డ ఆకులు,
ఇస్త్రీ చెయ్యని చీరలా.
నీళ్ళు పోస్తే చుక్కలు నిలబడి జారిపోయేవి.
రాత్రిళ్ళు టార్చిలైటుతో నత్తల్ని ఏరి
గోడవతలికి విసిరాను
(అవతల ఎవరూ లేరు, రైలు పట్టాలే).

రెండో వేసవి తేనెవాసనతో తెల్లటి పూలు.
కోసెయ్యమంది, బలం వేరుకి దిగాలట.
నాలుగు కోశాను.
ఐదోదాన్ని చూసి కత్తెర జేబులో పెట్టుకున్నాను.

"మూడో ఏడు దాకా నోట పెట్టకు."

మూడో చలికాలం, జనవరిలో,
బోడి మొక్కల మీద కుండలు బోర్లించాను.
వెలుతురు తగిలితే చేదెక్కుతుందట.
అదే వారం ఇంటివాళ్ళ ఉత్తరం వచ్చింది:
అమ్ముతున్నారట. రెండు నెలలు టైము.

అట్టపెట్టెలు తెచ్చాం, టేపు తెచ్చాం.
మా ఆయన గరిటెలు లెక్కపెడుతుంటే
నేను దొడ్లోకెళ్ళి
కుండ కొంచెం ఎత్తి, చూసి, మూసేదాన్ని,
అన్నం ఉడికిందా అని చూసినట్టు.

మార్చి ఎనిమిదిన
ఐదు కుండల కిందా
దంతం రంగు కాడలు, కొసల్లో లేత ఊదా.
ఆవిరి మీద ఉడికించి
ఆవాలూ ఎండుమిరపకాయా పోపు పెట్టాను.
బాదంలా మొదలై, చివర్న పిసరంత చేదు.
మిసెస్ హాఫెండెన్ రెండుసార్లు వేయించుకుంది.
ఉప్పు వేశానో లేదో ఇప్పటికీ గుర్తులేదు.

వెళ్ళే రోజు పొద్దున్నే తవ్వాను.
ఎంత తవ్వినా అడుగు అందలేదు.
మోకాలి లోతు దాటాక ఫట్‌మని తెగింది వేరు,
మిగతాది లోపలే ఉండిపోయింది.
"పోనీలే, ముక్క మిగిలితే చాలు దానికి"
గోడ మీంచి ఆవిడ.

అందిన వేళ్ళని ఆరు ముక్కలు చేశాను:
పైకొస అడ్డంగా, కిందికొస ఏటవాలుగా.
చెయ్యి వణికి ఒకటి రెండువైపులా ఏటవాలే అయింది.
దాన్నీ చుట్టాను. దానికి తోచినట్టు మొలుస్తుంది.

కుండలు అక్కడే వదిలాను,
ఒకదాని మీద సుద్దతో రాసి:
"ఇక్కడ ఒకటి ఉంది. సిమెంటు పొయ్యకండి.
జనవరిలో మూయండి."

వాన పడితే పోయే రాతే.
వాన వచ్చేలానే ఉంది.