ఎదురుముల్లు

మండిబజార్ల యాకూబలీ దుకాణం,
పాత మిక్సీల కుప్ప కింద దొరికింది.
వెండిరంగు మొకం, అరచెయ్యంత నాబు,
గాజు ఎనుక అంకెల వరుస.
"ట్యూనర్ ఇది, రేడియో అనుకునేవు.
దీనికి చెవే ఉన్నది భాయ్, గొంతు లేదు.
గొంతు నువ్వే పెట్టుకోవాలె" అన్నడు.

గొంతు మా ఇంట్లనే ఉన్నది.
బావమరిది పెండ్లిళ్లకు కిరాయికిచ్చి ఇడిసిపెట్టిన ఆంప్లిఫయరు,
రెండు డబ్బాలు,
ఒకదాని బట్ట ఎలుకలు కొట్టినయి.
ఆరు నూర్లకు తెగింది బేరం.

కొత్తవాడకు తెచ్చి మూత ఇప్పితే
తెగింది బేరమొక్కటే గాదు,
చక్రానికీ ముల్లుకూ నడుమ దారం గూడ.
నాబు తిరుగుతనే ఉంటది, ముల్లు కదలది,
సేటును కూలి పెంచుమని అడిగినట్టు.
ఆ దారం ఇప్పుడెక్కడ దొరుకుతదని
ఫోన్ల నవ్విండు యాకూబలీ.

అండాలు మగ్గం దిగి వచ్చింది.
"ఏడికెల్లి ఏడికి పోవాలె, తొవ్వ జూపు" అన్నది.
జంపఖానా పడుగులకెల్లి ఒక పోగు తీసి
రెండు పేటలు పేని, మైనం రుద్ది,
చక్రానికి మూడు సుట్లు సుట్టి
మూలమీది గిలకల మీంచి మలిపి
స్ప్రింగు కొక్కానికి ముడేసింది.
తెగిన పడుగు అతికే ముడి,
నిద్రల లేపినా ఏస్తది.
"గింతేనా! బట్ట నెయ్యని మగ్గం" అన్నది.

ముల్లు కదిలింది.
గని నేను కుడికి తిప్పితే ఎడమకు పోతున్నది.
మళ్ల ఇప్పుదమా అన్న.
"ఉండనియ్యి.
నేనొక్కదాన్నే ఎదురు తిరుగుతున్ననంటవు గద,
తోడు దొరికింది."

ఏరియలు పనికి ఒక పగటీలంత పట్టింది.
రాగితీగ, రెండు చేతులు చాపిన మనిషి లెక్క,
నీళ్ల ట్యాంకు పైపు నుంచి పక్కింటి పిట్టగోడ దాక.
డాబా మీద నేను తిప్పాలె,
కింద నుంచి ఆమె చెప్పాలె.
నా కుడి చెవు పవర్లూం షెడ్డు తిన్నది, పన్నెండేండ్ల కింద.
అందుకే తాంబాలం మీద గరిటె:
ఒక్క దెబ్బైతే మంచిగున్నది,
రెండైతే ఇంక జరుపు.
వాడకట్టు పోరగాండ్లు ఐస్‌క్రీం బండి అనుకొని ఉరికొచ్చిండ్రు.

మూడోనాడు పాట మునిగింది.
మీదికి పోయి చూస్తే తీగ మీద
పక్కింటి కొంరవ్వ తడి చీర.
"పాట నా చీరకు అంటిందేమో కొడుకా" అనుకుంట
కొంగు ఇంకోసారి పిండి చూసుకున్నది.

పోగు గదా, కొన్నాళ్లకు సాగింది.
స్టేషను ఇప్పుడు దాని అంకె మీద ఉండది,
గోరెడు పక్కకు దొరుకుతది.
అక్కడ గాజుకు అండాలు తన నొసటి బిళ్ల తీసి అంటుపెట్టింది.

పొద్దుగూకినంక ఎనుమాముల ధరలు ఇంటం.
పత్తి గింత, మిర్చి గింత.
మాకు పత్తీ లేదు మిర్చీ లేదు,
అయినా తగ్గితే కలుక్కుమంటది.
తర్వాత పాటలు.
ఎర్ర దీపం ఎలుగుతది,
రెండు డబ్బాలల్ల రెండు తీర్లు వస్తున్నదని గుర్తు.
నాకు ఎడమదే. కుడిది ఉత్త కట్టెపెట్టె.
కుడి పక్కన అండాలు కూసుంటది,
కండెలు సుట్టుకుంట చెప్తది:
"ఇప్పుడు నా దిక్కు తబలా.
ఇప్పుడు ఎవలో ఆడామె, సన్నగ, ఎనుక నుంచి.
ఇప్పుడేం లేదు.
ఆగు, ఎవలో ఊపిరి తీసుకున్నరు."

బాగ రాత్రైనంక మీడియం వేవుకు జరుపుత.
దీపం ఆరిపోతది.
అక్కడ రెండు దిక్కులుండయి,
నా డబ్బాల ఏదో, ఆమె డబ్బాల గదే.
బుస్సుమనే గాలిల నుంచి ఎవరో
మాకు తెలువని భాషల ఆపకుంట చదువుతడు.
ఏ దేశమో, అక్కడ ఎన్నైతున్నదో.
అండాలు కండె పక్కకు పెట్టి
జెరసేపు చెవొగ్గి,
"ధరలేనయ్యా" అంటది.