మడమ

మే నెల. బయట ఏటుకూరు రోడ్డు తారు
చెప్పులకు అంటుకుంటోంది.
లోపల నాలుగో చాంబర్లో ఐదు డిగ్రీలు.
మిర్చి బస్తాల మధ్య మంకీ టోపీలో ఇశ్రాయేలు బాబాయ్
పైపు మీది మంచును గోటితో గీకి
నా అరచేతిలో పెట్టాడు.
"ఇదే. అక్కడ మెడలోతు."

పద్దెనిమిదేళ్లు పటాలంలో ఉన్నవాడు.
టీవీలో కొండ మీంచి జారతారే,
మీరు చేసిన స్కీయింగూ అదేనా, అన్నాను.
తుమ్మాడు. చలికో, ఘాటుకో.
"అది వేరు. మాది వేరు."

బస్తాల కింద పరిచే బద్దలు రెండు లాగాడు.
ఒకదాని మీద తన బూటు మోపి
వేళ్ల నుంచి మడమ దాకా పురికొసతో బిగించాడు.
"ఇది కొండ దిగేవాడిది.
సిమెంటు కట్టు వేసిన కాలనుకో. మడమ లేవకూడదు.
తీగ మీద కుర్చీ పైకి మోసుకెళ్తుంది,
కిందికి కొండే తోస్తుంది.
వాడి పనల్లా, పడకుండా పడటం."

రెండోదానికి నా హవాయి చెప్పు,
ముందు వైపు ఒక్క ముడి.
"నడువు."
మడమ లేచింది, టప్పుమని ఆనింది.
"అదీ మాది! సన్న బద్ద, తేలిక జోడు, వేళ్లకే బంధం.
తన్ను, జారు. తన్ను, జారు.
ఎక్కాలన్నా నువ్వే, దిగాలన్నా నువ్వే,
చదునులో... అసలు కష్టం చదునులోనే రా... నువ్వే.
అడుగున మైనం రుద్దుతాం.
మోపితే పట్టాలి, వదిలితే జారాలి.
మైనం కుదరకపోతే ఆ రోజు కుదరనట్టే."

ర్యాంపు మీద హమాలీలు ఎక్కుతున్నారు,
వీపున బస్తా, ఉత్త పాదం,
మడమ లేస్తూ, ఆనుతూ.
యార్డులో ఈ వారం రేటు మాత్రం
మడమ బిగించుకుని దిగుతోంది.

"ఆ మొదటి రకం నువ్వెప్పుడైనా?"
"నేనా?"
ఆఫీసర్ల పోటీకి కింద జెండా పట్టుకు నిలబడ్డాడట.
పైన చుక్కలా ఉన్న మనిషి
ముక్కు తుడుచుకునేలోగా పక్కనుంచి వెళ్లిపోయాడట.
"గాలి మాత్రం తగిలింది."
మర్నాడే వీళ్ల గస్తీ. పదకొండు రోజులు.
వీపున కిరసనాయిలు డబ్బా,
ముందువాడి గాడిలో వెనకవాడు.
"అన్ని రోజులూ ఏం చూశావు బాబాయ్?"
"దిల్‌బహదూర్ మడమలు.
ఎడమది. కుడిది."

రాత్రి షిఫ్టు దిగి
ఆయన సైకిలు క్యారేజీ ఎక్కాను.
రైలు పట్టాల మీది బ్రిడ్జికి
దిగి నెడతాడనుకుంటే, సీటు మీంచి లేచి తొక్కాడు,
రెండు వేళ్లు లేని ఎడమ పాదం
పెడలు మీద కాస్త పక్కకి వాలుతూ.
ఆ వేళ్ల సంగతి నేనడగలేదు.
పైకి చేరాక, "గట్టిగా పట్టుకో" అన్నాడు.
తొక్కడం ఆపేశాడు.
బ్రేకుల మీంచి చేతివేళ్లు కూడా తీసేశాడు.

కింద సోడాబండి కుర్రాడు
తువాలు దులుపుతూ నిలబడ్డాడు.
వాడికి మా గాలి మాత్రం
తగిలి ఉంటుంది.